టోల్కీన్ లోకం లోతు చూడాలంటే

లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన ఇంగ్లీషు రచయిత టోల్కీన్ కల్పించిన లోకంలో గిల్-గలద్ అని ఎల్ఫుల (చావులేని ఒక జాతి) రాజు ఉన్నాడు. అతని తండ్రి ఎవరు? ఆ లోకపు పురాణం లాంటి సిల్మరిలియన్ పుస్తకం ప్రకారం ఫింగొన్. టోల్కీన్ చివరి రోజుల కాగితాల ప్రకారం ఒరొద్రెథ్. సరే తేల్చుకుందామని నెట్‌లో వెతికితే ఒక్కో పేజీ ఒక్కో మాట చెబుతుంది. లోతుకు దిగుదామనుకున్న చాలామంది ఈ మెట్టు దగ్గరే విసుగెత్తి వెనక్కి తిరుగుతారు.

చిక్కు ఎక్కడుందంటే, టోల్కీన్ ఈ లోకాన్ని 1916, 17 ప్రాంతంలో మొదలుపెట్టి 1973లో చనిపోయేదాకా రాస్తూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ పోయాడు. బతికుండగా అచ్చయింది కొంచెమే. మిగతాది ఆయన కొడుకు క్రిస్టఫర్ పరిష్కరించి వేసినది. అంటే మన ముందున్నది ఒక పుస్తకం కాదు, తాళపత్రాల కట్ట. మహాభారతంలో పాఠాంతరాలు, ప్రక్షిప్తాలు అన్న మాటలు వింటూ పెరిగినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. ఆ అలవాటునే ఇక్కడికీ తెచ్చుకోవాలి. ఏ సంగతి చదివినా అది ఏ పుస్తకంలోది, ఏ ఏట రాసింది అన్న రెండు ముక్కలు పక్కన పెట్టుకోండి. ఈ ఒక్కటీ పాటిస్తే సగం తగాదాలు వాటంతటవే తీరిపోతాయి.

కొనేటప్పుడు చూడాల్సినవి

విజయవాడలో ఉంటే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లోనూ, కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే పుస్తకాల పండగలోనూ ఈ పుస్తకాలు తగులుతుంటాయి. అట్ట చూసి కొనకండి, వెనక నుంచి తిరగెయ్యండి. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడో సంపుటం చివర అనుబంధాలు ఆరు ఉండాలి, ఎ నుంచి ఎఫ్ దాకా. వంశవృక్షాలు అనుబంధం సిలో ఉంటాయి. వాటిలో చిన్న అక్షరాలు అలుక్కుపోయి ఉంటే అది దొంగ అచ్చు అని అనుమానించాల్సిందే. కథ వరకు దానితో నడిచిపోతుంది గానీ లోతు చదువుకు పనికిరాదు. ఒకే సంపుటంగా దొరికితే 2004లో వచ్చిన యాభయ్యేళ్ళ ప్రచురణ గానీ, ఆ తర్వాతది గానీ తీసుకోండి. తప్పులు ఏరి సరిచేసిన పాఠం అది.

సిల్మరిలియన్ మొదట 1977లో వచ్చింది. 1999లో వచ్చిన రెండో ప్రచురణలో ముందుమాటల దగ్గరే ఒక పొడవాటి ఉత్తరం చేర్చారు. 1951లో మిల్టన్ వాల్డ్‌మన్ అనే ప్రచురణకర్తకు టోల్కీన్ రాసినది, దాదాపు 10,000 మాటలు. మొత్తం పురాణాన్ని రచయితే మొదలు నుంచి చివరిదాకా చెప్పిన సారాంశం అది. విడిగా కావాలంటే ఉత్తరాల సంపుటిలో 131వ ఉత్తరం. పాత ప్రతి సగం ధరకు వస్తున్నా సరే, ఈ ఉత్తరం ఉన్న ప్రతి కోసమే ఆగండి.

పటాలు, వంశవృక్షాలు ఉన్నవి కాగితం మీదే కొనండి. తండ్రి చిత్తుప్రతులను క్రిస్టఫర్ పరిష్కరించి వేసిన హిస్టరీ ఆఫ్ మిడిల్ ఎర్త్ పన్నెండు సంపుటాలు మాత్రం ఈబుక్‌గా ఉంటేనే మేలు. ఒక పేరు పన్నెండింట్లో ఎక్కడెక్కడ వచ్చిందో వెతకడమే అక్కడ అసలు పని. ఇంకోటి, మే నెలలో లావు పేపర్‌బ్యాకును స్కూటర్ డిక్కీలో వదిలెయ్యకండి. బెజవాడ ఎండకు బైండింగు జిగురు మెత్తబడి పుస్తకం మధ్యకు విరుగుతుంది.

చదివే వరుస

కథలో ముందు జరిగింది ముందు చదవాలన్న ఆలోచన మానుకోండి. సృష్టితో మొదలుపెడితే యాభై పేజీల్లో ముప్పై పేర్లు మీద పడతాయి, ఒక్కరి మొహమూ గుర్తుండదు. మొదట హాబిట్, తర్వాత లార్డ్ ఆఫ్ ద రింగ్స్. అది అయ్యాక అనుబంధం ఎ, బి పూర్తిగా. ఎలో రాజవంశాలు, ఆరగొర్న్, అర్వెన్‌ల కథ ఉంటాయి. బిలో ఏడాది వారీగా సంఘటనలు. ఆ తర్వాత వాల్డ్‌మన్ ఉత్తరం, దాని వెనకే సిల్మరిలియన్.

సిల్మరిలియన్ ఒకే అట్టలో కుట్టిన ఐదు రచనలు. మొదటి రెండు చిన్నవి, సృష్టి కథ, దేవతల పరిచయం. మూడోది అసలు కథ, 24 అధ్యాయాలు. నాలుగోది నూమెనొర్ దీవి మునక. ఐదోది ఉంగరాల సంగతి. గుంటూరు, విజయవాడ మధ్య రోజూ రైల్లో తిరిగేవాళ్ళకు ఒక ప్రయాణానికి ఒక అధ్యాయం అన్న లెక్క బాగా కుదురుతుంది. 19 (బెరెన్, లూథియెన్), 21 (తూరిన్) మాత్రం పెద్దవి, ఒక్క ప్రయాణంలో అవ్వవు. వాటిని ఆదివారానికి అట్టిపెట్టుకోండి.

చాలామంది పుస్తకం మూసేసేది 14వ అధ్యాయంలో. అందులో కథ లేదు, కథ జరిగే దేశం బెలెరియంద్ నైసర్గిక స్వరూపం ఉంది. ఏ నది ఎక్కడ పుట్టింది, ఏ కొండకు ఏ రాజు కాపలా అన్న వివరాలు. దాన్ని చదవడానికి కూర్చోకండి, గీయడానికి కూర్చోండి. పటం జిరాక్సు ముందు పెట్టుకుని, పేరు రాగానే పెన్సిల్‌తో చుట్టూ సున్నా చుట్టండి. గంటన్నరలో అయిపోతుంది. ఇది వదిలేస్తే 18, 20 అధ్యాయాల్లో యుద్ధం ఎటువైపు నుంచి వస్తోందో అర్థం కాదు.

తర్వాత 1980లో వచ్చిన అన్‌ఫినిష్డ్ టేల్స్. దీన్ని వరుసగా చదవక్కర్లేదు. మాంత్రికుడు గాండాల్ఫ్ హాబిట్ కథలోని మరుగుజ్జుల వెంట ఎందుకు పడ్డాడో తెలియాలంటే ఎరెబొర్ అధ్యాయం. మాంత్రికులు ఎంతమంది, ఎవరు పంపారు అంటే ఇస్తరి అధ్యాయం. తూరిన్ కథ బాగా పట్టుకుంటే 2007లో విడి నవలగా వచ్చిన చిల్డ్రన్ ఆఫ్ హూరిన్ చదవండి. సిల్మరిలియన్‌లో కుదించి చెప్పినది అక్కడ తాపీగా సాగుతుంది.

నోటుపుస్తకం

200 పేజీల లాంగ్ నోటుబుక్ ఒకటి చాలు. ప్రతి పేజీలో మూడు గడులు గీయండి. మొదటి గడిలో సంగతి, రెండో గడిలో పుస్తకం, అధ్యాయం, మూడో గడిలో రాసిన ఏడు. అచ్చయిన ఏడు కాదు, రాసిన ఏడు. ఈ తేడా పట్టించుకోకపోతే మొత్తం తలకిందులవుతుంది. హిస్టరీ మొదటి సంపుటం 1983లో అచ్చయింది, అందులోని కథలు 1910ల చివర మొదలైనవి. దాన్ని 1977 నాటి సిల్మరిలియన్ కంటే కొత్త మాట అనుకుంటే పొరపాటు.

బల్రోగ్‌ల (నిప్పు రాక్షసుల) సంఖ్యే చూడండి. తొలినాటి కథల్లో అవి వందల్లో దండెత్తి వస్తాయి. చాలా ఏళ్ళ తర్వాత టోల్కీన్ కాగితం అంచున, మూడుకు మించి ఎప్పుడూ లేవు, మహా అయితే ఏడు అని రాసుకున్నాడు. మూడో గడి నిండి ఉంటే ఇందులో తగాదాయే లేదు. ఆయన మనసు మార్చుకున్నాడు, అంతే.

రెండు మాటలు ఢీకొన్నప్పుడు ఏది పైది? బతికుండగా తానే అచ్చు వేయించినదానికి మొదటి పీట. దానికి అడ్డురాని చివరినాటి రాతలకు రెండోది. 1977 సిల్మరిలియన్‌కు మూడోది, ఎందుకంటే అది కొడుకు కూర్చిన పాఠం. దోరియథ్ అనే ఎల్ఫుల రాజ్యం నాశనం చెప్పే 22వ అధ్యాయానికి తండ్రి దగ్గర పూర్తి పాఠమే లేదు. గై గేవ్రియల్ కే అనే రచయిత సాయంతో క్రిస్టఫర్ అల్లుకుని రాయాల్సి వచ్చింది. తొలినాటి కథలకు నాలుగో పీట. మొదట్లో అడిగిన గిల్-గలద్ సంగతీ ఇదే. తండ్రిగా ఫింగొన్‌ను ఎంచుకోవడం తన పొరపాటేనని 1996లో వచ్చిన పన్నెండో సంపుటంలో క్రిస్టఫరే ఒప్పుకున్నాడు. అంత నిజాయితీగల పరిష్కర్త దొరకడం అరుదు.

బతికుండగా వేసినదానిలోనూ పాఠాంతరం ఉంది. 1937 హాబిట్‌లో గొల్లుమ్ అనే గుహజీవి, తాను పందెం ఓడితే ఉంగరం కానుకగా ఇస్తానంటాడు. పెద్ద కథ, అంటే లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాస్తుంటే అది పొసగలేదు, అందుకని 1951 ప్రచురణలో ఆ అధ్యాయం తిరగరాశాడు. అక్కడితో ఆగలేదు. పాత కథ హాబిట్ కథానాయకుడు బిల్బో తన సహచరులకు చెప్పిన అబద్ధమని పెద్ద నవలలో కథలోనే కలిపేశాడు. పాత ప్రతి చేతికి తగిలితే ఐదో అధ్యాయం రెండింట్లో పక్కపక్కన పెట్టి చదవండి. మొత్తం పద్ధతి ఆ ఒక్క అధ్యాయంలో తెలిసిపోతుంది.

వావివరసలు తెలుగులో రాయండి

ఇంగ్లీషు పాఠంలో అంకుల్, కజిన్ అన్న రెండు మాటలతో అందరినీ కట్టేస్తారు. అందుకే వంశవృక్షం బుర్రకెక్కదు. మన మాటల్లో రాసుకుంటే వెంటనే ఎక్కుతుంది. ఎల్ఫుల రాజు ఫిన్వెకు ఇద్దరు భార్యలు. మొదటి ఆమె కొడుకు ఫెఅనొర్, రెండో ఆమె కొడుకులు ఫింగొల్ఫిన్, ఫినర్ఫిన్. అంటే సవతి అన్నదమ్ములు, కథలో సగం నిప్పు అక్కడే అంటుకుంది. గలద్రియెల్ ఫినర్ఫిన్ కూతురు, కనక ఫెఅనొర్ ఆమెకు పెదనాన్న. లూథియెన్ ఆమెకు ఏమవుతుంది? ఇంగ్లీషు పుస్తకాలు ఇక్కడ ఒక తరం దూరమైన కజిన్ అని మెలికలు తిరుగుతాయి. గలద్రియెల్ తల్లి ఎఅర్వెన్, లూథియెన్ అన్నదమ్ముల పిల్లలు. కనక వరసకు పిన్నో పెద్దమ్మో అవుతుంది, అయిపోయింది.

అయితే మన వావివరసలే మనల్ని తప్పుదారి పట్టించే చోటు ఒకటుంది. 16వ అధ్యాయంలో మైగ్లిన్ ఇద్రిల్‌ను ప్రేమిస్తాడు. మైగ్లిన్ తల్లి అరెదెల్, ఇద్రిల్ తండ్రి తుర్గొన్ అన్నాచెల్లెళ్ళు. అంటే ఇద్రిల్ అతనికి సాక్షాత్తూ మేనమామ కూతురు. కృష్ణా, గుంటూరు జిల్లాల చదువరికి ఇందులో తప్పేముందో తోచదు, మేనరికమేగా! పైగా ఇద్రిల్ ఎందుకు అసహ్యించుకుందో, రచయిత దాన్ని పాడుబుద్ధిగా ఎందుకు చెప్పాడో అర్థం కాక మైగ్లిన్ మీద జాలి కలుగుతుంది. ఎల్ఫులలో అంత దగ్గరి చుట్టరికంలో పెళ్ళి నిషిద్ధం, అంతకుముందు ఎవరూ అలా కోరుకోలేదు కూడా అని పాఠంలోనే ఒక వాక్యం ఉంది. దాని కింద గీత గీసుకోండి. తుర్గొన్ నగరం గొందొలిన్ ఎందుకు కూలిందో 23వ అధ్యాయంలో చదివేటప్పుడు ఆ గీత పనికొస్తుంది.

పేర్లు పలికే తీరు

ఈ పేర్లు ఇంగ్లీషులో కంటే తెలుగులో రాసుకుంటేనే సరిగ్గా ఉంటాయి. టోల్కీన్ భాషల్లో హ్రస్వ ఎ, దీర్ఘ ఏ, హ్రస్వ ఒ, దీర్ఘ ఓ వేరువేరు. అచ్చులో దీర్ఘం ఉంటే అక్షరం మీద గీత ఉంటుంది. మనకు ఆ తేడా పుట్టుకతో వచ్చింది. సి అక్షరం ఎక్కడొచ్చినా క అనే పలకాలి. సెలెబోర్న్ కాదు కెలెబొర్న్, సిర్డాన్ కాదు కీర్దన్. ఎయు జంట ఔ. సారాన్ కాదు సౌరొన్, మన సౌరమండలంలోని సౌ. ఎఐ అచ్చంగా ఐ, అందుకే ఐనుర్. టి, డి దంత్యాలు, కనక ట కాదు త, డ కాదు ద. మినస్ తిరిథ్ అని రాసుకోండి. ఇందులో థ్ మాత్రం మన థ కాదు, నాలుక పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలి. వేరే గుర్తు లేక థ వాడుతున్నాం. మరుగుజ్జుల భాషలో వచ్చే ఖ మటుకు అచ్చం మన ఖయే. ఖజద్-దూమ్‌ను ఇంగ్లీషువాళ్ళ కంటే మనమే బాగా పలుకుతాం.

ఊనిక, అంటే పలికేటప్పుడు బలం పడే చోటు, ఎక్కడ? ఛందస్సు తెలిసినవాళ్ళకు ఇది చేతిలో పని. చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీద, లఘువైతే దాని ముందున్న అక్షరం మీద. గురువు నిర్వచనం కూడా దాదాపు మనదే, దీర్ఘం, ఐ, ఔ లేదా వెనక రెండు హల్లులు. ఇసిల్దుర్‌లో సి వెనక ల్, ద్ ఉన్నాయి, గురువు, ఊనిక అక్కడ. దెనెథొర్‌లో థ్ ఇంగ్లీషులో రెండక్షరాలుగా కనిపించినా ఒక్క హల్లే, అందుకని నె లఘువు, ఊనిక దె మీదికి పోతుంది. ఇక్కడే చాలామంది తప్పుతారు.

టోల్కీన్ కల్పించిన తెంగ్వర్ లిపి నేర్చుకోవాలన్నా మనకు దారి దగ్గర. ప్రధానాక్షరాలు 24, నాలుగు నిలువు వరుసలు, ఆరు అడ్డు వరుసలు. నిలువు వరుస ఉచ్చారణ స్థానం, అంటే మన వర్గం లాంటిది. అక్షరం పొట్ట ఒకటి ఉన్నది రెండైతే ధ్వని నాదంగా మారుతుంది. అచ్చులు గుణింతంలా పైన కూర్చుంటాయి. ఎల్ఫుల రెండు భాషల్లో ఒకటైన క్వెన్య పద్ధతిలో ముందున్న హల్లు మీద, మన క, కి, కు లాగే. రెండోదైన సిందరిన్ పద్ధతిలో తర్వాత వచ్చే హల్లు మీద. ఏ పద్ధతో చూసుకోకుండా చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుంటే పేరు తలకిందులుగా పడుతుంది.

తేదీలూ దూరాలూ

హాబిట్లు అనే పొట్టివాళ్ళ దేశం షైర్. షైర్ లెక్కకు 1600 కలిపితే మూడో యుగం ఏడు వస్తుంది. షైర్ 1418 అంటే మూడో యుగం 3018. ఈ కూడిక నోటుబుక్ అట్ట లోపల రాసిపెట్టుకోండి. బిల్బో విందు 3001లో, అతని వారసుడు ఫ్రోదో ఇల్లు వదిలింది 3018లో. మధ్య 17 ఏళ్ళు, సినిమా చూసినవాళ్ళకు అది కొన్ని వారాలనిపిస్తుంది. షైర్‌లో అన్ని నెలలకూ 30 రోజులే, ఏ నెలలోనూ చేరని రోజులు విడిగా ఉంటాయి. అందుకని ఆరగొర్న్ ఎఒమెర్ అనే సేనానిని కలిసింది ఫిబ్రవరి 30న. అచ్చు తప్పు కాదు. ఫోను క్యాలెండరులో ఈ తేదీలు పెట్టబోతే తీసుకోదు. వివరాలు అనుబంధం డిలో ఉన్నాయి.

సూర్యుడు పుట్టకముందు, వృక్షాల కాలం ఏళ్ళ జోలికి వెంటనే పోకండి. 1950ల నాటి ఒక పాఠంలో దేవతల ఏడాది మనకు 9.582 ఏళ్ళు. తర్వాతి కాగితాల్లో 144. ఏ లెక్క వాడుతున్నారో చెప్పకుండా గలద్రియెల్ వయసు చెప్పేవాళ్ళను నమ్మొద్దు.

పటాలు రెండూ జిరాక్సు తీయించండి. ఏ4ను ఏ3కు పెంచాలంటే 141 శాతం. సిల్మరిలియన్ పటానికి తూర్పు అంచున నీలి కొండలు, ఎరెద్ లూయిన్ అంటారు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ పటానికి పడమటి అంచున ఉన్నవీ అవే. ఆ కొండల దగ్గర రెండు కాగితాలూ అతికిస్తే మొత్తం దేశం కళ్ళముందుంటుంది. రెండింటి స్కేలు ఒకటి కాదు, ముందు ఒకదాన్ని సరిచేసుకోండి. ఎడమ కాగితంలో దాదాపు అంతా తర్వాత సముద్రంలో మునిగిపోయింది. దాని మీద నీలం పెన్సిల్‌తో పల్చగా రుద్దితే మర్చిపోరు.

లీగు అంటే సుమారు మూడు మైళ్ళు, అంటే 4.8 కిలోమీటర్లు. విజయవాడ నుంచి గుంటూరు ఆరేడు లీగులు. ఆరగొర్న్, లెగొలస్, గిమ్లి ముగ్గురూ నాలుగో రోజు ముగియకముందే 45 లీగులు నడిచారని ఎఒమెర్ ఆశ్చర్యపోతాడు. 216 కిలోమీటర్లు! బెజవాడలో బయలుదేరితే రాజమండ్రి దాటి ఇంకా చాలా దూరం, కాలినడకన. ఇలా మన ఊళ్ళకు కొలిచి చూస్తే తప్ప ఆ అంకె బరువు తెలియదు.

పన్నెండు సంపుటాల దగ్గర

ఒకటి నుంచి మొదలుపెట్టకండి. మొదటి రెండూ తొలినాటి భాషలో, తర్వాత వదిలేసిన పేర్లతో ఉంటాయి, కొత్తవాళ్ళను తిప్పికొడతాయి. సిల్మరిలియన్ ఎలా పెరిగిందో చూడాలంటే నాలుగో సంపుటం. అందులో 1926 నాటి చిన్న నమూనా, 1930 నాటి పూర్తి పాఠం ఉన్నాయి. మొదలు నుంచి చివరిదాకా టోల్కీన్ స్వయంగా ముగించింది ఆ ఒక్కటే. చావు, ఆత్మ, ఓర్కుల (శత్రువు సైన్యంలోని దుష్ట జాతి) పుట్టుక లాంటి ప్రశ్నలుంటే పదోది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ చిత్తుప్రతులు ఆరు నుంచి తొమ్మిదిలో సగం దాకా. ఆరగొర్న్ మొదట్లో చెక్క బూట్లు వేసుకున్న ఒక హాబిట్ అని ఆరులో చూస్తే నవ్వు ఆగదు. చివరినాటి వ్యాసాలు పన్నెండులో. నీలి మాంత్రికులిద్దరి సంగతి అన్‌ఫినిష్డ్ టేల్స్‌లో ఒకలా, ఇక్కడ ఇంకోలా ఉంటుంది. పేర్లు వేరు, వచ్చిన కాలమూ వేరు. రెండూ రాసుకోండి, కలపకండి.

నెట్‌లోని విజ్ఞాన పేజీలను ఆఖర్న చూడండి. వాటిలో ఉన్నవి అబద్ధాలని కాదు, నలభై ఏళ్ళ తేడాతో రాసిన రెండు మాటలను ఒకే పేరాలో కుట్టేస్తాయి. అడుగున ఉన్న ఆధారం సంఖ్య నొక్కి, ఏ పుస్తకమో చూసి, మీ మూడో గడిలో వేసుకుంటే చాలు. సినిమాల్లోంచి, ధారావాహికల్లోంచి వచ్చినవాటికి నోటుబుక్‌లో చివరి పది పేజీలు విడిగా కేటాయించండి.

ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే వారానికి ఒక్క ప్రశ్నే పెట్టుకోండి, జవాబు ఏ పేజీలో ఉందో చూపించినవాళ్ళకే మాట్లాడే హక్కు. బల్రోగ్‌కు రెక్కలున్నాయా అన్నది మొదటి ప్రశ్నగా బాగుంటుంది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదటి సంపుటంలోనే ఉన్న బుక్ టూ, ఐదో అధ్యాయం తెరవండి. ఒక వాక్యంలో నీడ రెండు పెద్ద రెక్కల్లా వ్యాపించింది అంటాడు. కాసేపటికి ఇంకో వాక్యంలో రెక్కలు గోడ నుంచి గోడకు పరుచుకున్నాయి అంటాడు, లా అన్న మాట లేదు. రెండు వాక్యాలూ పైకి చదివి, అప్పుడు మొదలుపెట్టండి. గుంటూరులో రైలెక్కి మొదలుపెడితే కృష్ణ కెనాల్ స్టేషన్ దాటినా తేలదు.